లావా నడిచిన దారిలో ఒక రోజు

సెలవు దొరకడమే గగనమైన కాలంలో, దొరికిన నాలుగు రోజుల్ని ఎలా గడపాలన్నది చిన్న విషయం కాదు. చాలా కుటుంబాలు చేసే పని ఒకటే. చూడాల్సిన చోట్లన్నీ కాగితం మీద రాసుకుంటారు. పొద్దున్నే బయల్దేరి, ఒక్కోచోట అరగంట నిలబడి ఫొటోలు దిగి, రాత్రికి కాళ్లీడ్చుకుంటూ గదికి చేరతారు. నెల తిరిగేసరికి ఏ ఫొటో ఎక్కడ తీసిందో పోల్చుకోలేరు. డబ్బు ఖర్చయింది, ఒళ్లు అలిసింది, మనసులో మాత్రం ఏదీ నిలవలేదు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక చోటు ఎలా పుట్టిందో ముందు తెలుసుకోండి. అది పుట్టిన క్రమంలోనే దాన్ని చూడండి. కారులో వెళ్లాలా, బస్సులో వెళ్లాలా, ఏ టికెట్ ఏ వేళకి కొనాలి అన్న ప్రశ్నలన్నీ ఆ తర్వాత తేలిగ్గా తేలిపోతాయి. దీన్ని ఉదాహరణతో చెప్పడానికి లాంజరోటె దీవిలోని లావా గుహల్ని తీసుకుంటున్నాను. ఒక్క రోజులో మొదలు నుంచి చివరి దాకా చూడగలిగిన ఇంత చక్కటి పాఠం ప్రపంచంలో అరుదు.

లాంజరోటె అట్లాంటిక్ మహాసముద్రంలో, ఆఫ్రికా పశ్చిమ తీరానికి దగ్గరగా ఉన్న కెనరీ దీవుల్లో ఒకటి. పాలన స్పెయిన్‌ది. విస్తీర్ణం సుమారు 845 చదరపు కిలోమీటర్లు. లండన్ నుంచి విమానంలో నాలుగు గంటల పైచిలుకు. లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు చలికాలంలో నాలుగు రోజులు ఎండ కోసం వెళ్లగలిగిన దూరం. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి ఈ అధ్యాయం మరీ ఉపయోగం.

ముందు ఈ గుహ పుట్టుక తెలుసుకోండి

దీవి ఉత్తర భాగంలో, అరియా మునిసిపాలిటీలో, లా కొరోనా అనే అగ్నిపర్వతం ఉంది. ఎత్తు 609 మీటర్లు. సుమారు 21 వేల ఏళ్ల క్రితం అది పేలినప్పుడు లావా ఏరులై తూర్పు తీరం వైపు పారింది. లావా పైభాగం గాలి తగిలి చల్లారి గట్టిపడింది, లోపలి లావా మాత్రం ఆ కప్పు కింద వేడి తగ్గకుండా పారుతూనే ఉంది. పాలు కాచి దించాక పైన మీగడ కట్టినా అడుగున పాలు సెగలు కక్కుతూ ఉండటం చూశాం కదా, ఇదీ అలాంటిదే. అగ్నిపర్వతం నుంచి వచ్చే లావా ఆగిపోయాక, లోపల మిగిలినది కిందికి జారిపోయింది. పైకప్పు నిలిచింది, లోపల ఖాళీ సొరంగం మిగిలింది. దీన్నే లావా సొరంగం అంటారు.

లా కొరోనా సొరంగం నేల మీద ఆరు కిలోమీటర్ల పొడవుంటుంది. అక్కడితో ఆగదు. తీరం దాటి సముద్రం అడుగున మరో కిలోమీటరున్నర సాగుతుంది. లావా నీళ్ల కింద అంత దూరం సొరంగంగా ఎలా పారిందని అనుమానం రావచ్చు. అది మంచు యుగం. సముద్ర మట్టం ఇప్పటికంటే వంద మీటర్లకు పైగా కిందికి ఉండేది. లావా పారింది పొడి నేల మీదే. తర్వాత మంచు కరిగి సముద్రం పైకి లేచి, సొరంగం చివరి భాగాన్ని ముంచేసింది. ఆ మునిగిన భాగాన్ని అట్లాంటిదా సొరంగం అంటారు. దాని లోతు అరవై మీటర్లు దాటుతుంది.

సొరంగం పైకప్పు అక్కడక్కడా కూలి గోతులు ఏర్పడ్డాయి. స్థానికులు ఆ గోతుల్ని హామెయోలు అంటారు. లోపలికి దారి దొరికింది ఆ గోతుల వల్లే. ఇప్పుడు మొత్తం క్రమం మీ ముందుంది: కొండ మీద అగ్నిబిలం, దాని కింద సొరంగం, కప్పు కూలిన గోతులు, సముద్రం. ఇవి నాలుగు వేర్వేరు దర్శనీయ స్థలాలు కావు. ఒకే లావా ప్రవాహం నడిచిన దారి. ఈ మాట ఒక్కటి ఇంట్లో అందరికీ బయల్దేరే ముందు రాత్రే చెప్పండి. మర్నాడు చూసే ప్రతి రాయికీ అర్థం ఉంటుంది.

మన బొర్రా గుహలో బెలుం గుహలో చూసినవాళ్లు ఇంకో తేడా గుర్తుంచుకోవాలి. అవి సున్నపురాతి గుహలు. నీరు రాతిని లక్షల ఏళ్లపాటు కరిగిస్తే ఏర్పడినవి. బొర్రాలో శివలింగంగా కొలిచే రూపం నీటి చుక్కలు సున్నాన్ని పేర్చి కట్టినది. లాంజరోటె గుహని కట్టింది నీరు కాదు, నిప్పు. కప్పు నుంచి వేలాడే చిన్న చిన్న మొనలు అక్కడ కనిపిస్తాయి. అవి ఆ వేడికి కప్పు రాయే కరిగి, కారుతూ కారుతూ గట్టిపడ్డ చుక్కలు. బొర్రాలో చూసినంత పెద్ద రూపాల కోసం వెతికితే నిరాశ పడతారు. గోడల వెంట అడ్డంగా సాగే గట్ల కోసం వెతకండి. లావా ప్రవాహం ఏ ఎత్తులో ఎంతకాలం నిలిచి పారిందో ఆ గట్లు చెబుతాయి. ఎరుపు, కావి రంగుల మరకలు రాతిలోని ఇనుము గాలి తగిలి మారిన రంగులు.

రెండు ద్వారాలు, రెండు స్వభావాలు

ఈ సొరంగంలోకి యాత్రికులు వెళ్లే చోట్లు రెండు. రెంటికీ మధ్య దూరం సుమారు ఒక కిలోమీటరు. రెండింటినీ నడిపేది దీవి స్థానిక ప్రభుత్వ సంస్థే. రెండూ ఒకలాంటివే కదా, ఒకటి చూస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. ఎందుకో చెబుతాను.

మొదటిది క్వేవా దె లోస్ వెర్దెస్. వెర్దెస్ అనేది ఒకప్పుడు అక్కడ గొర్రెలు మేపుకున్న కుటుంబం పేరు. 1964లో దీన్ని ప్రజలకు తెరిచారు. లోపలి దీపాలంకరణ హెసూస్ సోతో అనే కళాకారుడిది. ఇక్కడ ఒంటరిగా తిరగనివ్వరు. గైడు వెంట గుంపుగా వెళ్లాలి. సుమారు కిలోమీటరు దారి, యాభై నిమిషాల నడక. లోపల ఏడాది పొడవునా పంతొమ్మిది డిగ్రీల దగ్గర వాతావరణం నిలకడగా ఉంటుంది. సొరంగాన్ని సొరంగంగా చూడాలంటే ఇదే చోటు.

దీనికి మనుషుల చరిత్ర కూడా ఉంది. 16, 17 శతాబ్దాల్లో సముద్రపు దొంగలు, బానిసల వ్యాపారులు దీవి మీద పడినప్పుడల్లా జనం ఈ గుహలో దాక్కునేవారు. 1618లో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన దండు దీవిని దోచి వందలమందిని చెరపట్టి తీసుకుపోయింది. పిల్లలతో వెళ్తుంటే ఈ సంగతి లోపలికి అడుగుపెట్టే ముందు చెప్పండి. దీపాలు లేని రోజుల్లో, పసిబిడ్డల్ని ఒళ్లో పెట్టుకుని, చప్పుడు కాకుండా ఆ రాళ్ల మధ్య కూర్చున్న తల్లుల్ని తలచుకోకుండా ఆ గుహలో నడవకూడదని నా నమ్మకం.

రెండోది హామెయోస్ దెల్ ఆగ్వా. కప్పు కూలిన గోతుల్నీ, వాటి మధ్య మిగిలిన సొరంగాన్నీ కలిపి తీర్చిదిద్దిన చోటు ఇది. తీర్చిదిద్దింది సెసార్ మన్రికే. 1919లో ఈ దీవి ముఖ్యపట్టణం అర్రెసీఫెలోనే పుట్టిన చిత్రకారుడు. న్యూయార్క్‌లో ఉండి 1966లో తిరిగివచ్చి, తన దీవిని కాపాడుకోవడానికే మిగిలిన జీవితం వెచ్చించాడు. ఆకాశాన్నంటే హోటళ్లు, రోడ్డు పక్క ప్రకటనల బోర్డులు దీవిని మింగకుండా పోరాడాడు. 1992లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. మరుసటి ఏడాది యునెస్కో లాంజరోటెని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. దీవి విమానాశ్రయానికి ఇప్పుడు ఆయన పేరే.

ఇక్కడ గైడు అక్కర్లేదు, మీ తీరికని బట్టి తిరగవచ్చు. మెట్లు దిగి లోపలికి వెళ్తే సొరంగంలో నిశ్చలమైన ఉప్పునీటి కొలను ఉంటుంది. రాళ్ల సందుల గుండా సముద్రమే లోపలికి ఊరుతుంది. ఆటుపోట్లతో పాటు నీటి మట్టం లేస్తుంది, తగ్గుతుంది. ఆ నీటిలో తెల్లటి చుక్కల్లా కనిపించేవి ఒక సెంటీమీటరు పొడవున్న పీతజాతి జీవులు. వాటికి చూపు లేదు, ఒంటికి రంగు లేదు. వాటి దగ్గరి చుట్టాలు ఉండేది లోతైన సముద్రాల్లో. ఈ జాతి మాత్రం లాంజరోటెలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కొలను దాటి అవతలికి వెళ్తే ఎండ పడే పెద్ద గోతిలో తెల్లటి అంచుల నీలి జలాశయం, దాని వెనక సొరంగంలోనే కట్టిన సంగీత సభామందిరం ఉంటాయి. పైన అగ్నిపర్వతాల గురించి ఒక ప్రదర్శనశాల ఉంది. దానికి అరగంట కేటాయించండి. ఆ రోజు చూసినదంతా అక్కడ ఒక కొలిక్కి వస్తుంది.

మొదటిచోట ప్రకృతి చేసిన పని చూస్తాం. రెండోచోట ఆ పనిని పాడుచేయకుండా మనిషి తన పనిని ఎలా జోడించాడో చూస్తాం. రెండూ చూడమని అందుకే అంటున్నాను.

చేరుకునే దారులు

యాత్రికులు బస చేసే ఊళ్లు ముఖ్యంగా మూడు: కోస్తా తెగీసె, ప్యుయెర్తో దెల్ కార్మెన్, ప్లాయా బ్లాంకా. కోస్తా తెగీసె నుంచి గుహలకి ఇరవై కిలోమీటర్ల పైన. ప్లాయా బ్లాంకా దీవికి దక్షిణపు కొసన ఉంది కనుక అక్కణ్నుంచి కారులో గంట పడుతుంది. ఇంకా బస ఖాయం చేయనివాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి.

అద్దె కారు. నలుగురున్న కుటుంబానికి నా సలహా ఇదే. విమానాశ్రయంలోనే తీసుకోవచ్చు. రెండు చోట్లా పార్కింగు ఉంది. స్పెయిన్‌లో బండి నడపాల్సింది రోడ్డుకి కుడివైపు. ఇండియాలోనో ఇంగ్లండులోనో ఎడమవైపు నడిపి అలవాటైనవాళ్లు మొదటి రోజు ఖాళీ రోడ్ల మీద కాసేపు చెయ్యి తిప్పుకున్నాకే ఉత్తరానికి బయల్దేరండి. ఇండియా లైసెన్సు ఉన్నవాళ్లు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఊళ్లోనే తీయించుకుని వెళ్లాలి. పసిపిల్లలుంటే వాళ్ల సీటు కారుతో పాటే ముందుగా అడిగి పెట్టుకోండి.

బస్సు. కెనరీ దీవుల్లో బస్సుని గ్వాగ్వా అంటారు. ఎక్కడ బస చేసినా ముందు అర్రెసీఫె బస్‌స్టేషనుకి వచ్చి, అక్కడ ఓర్సోలా వైపు వెళ్లే 9వ నంబరు బస్సు ఎక్కాలి. ఖర్చు తక్కువ, దారి బాగుంటుంది. రోజుకి కొన్ని ట్రిప్పులే తిరుగుతుంది. అందువల్ల వెళ్లే బస్సు కన్నా తిరుగు బస్సు వేళ ముఖ్యం. దాన్ని ముందు చూసుకుని, దాన్ని బట్టి గుహ టికెట్ వేళ ఎంచుకోండి. హామెయోస్ దగ్గర దిగి పై గుహకి రోడ్డు వెంట నడిచి వెళ్లవచ్చు. ఆ దారిలో చెట్టునీడ ఉండదు, టోపీ, నీళ్లు తప్పనిసరి. ఒంటరిగానో ఇద్దరుగానో వెళ్లే కుర్రవాళ్లకి ఈ దారి బాగా నప్పుతుంది.

టూరు బస్సు. హోటలు దగ్గర ఎక్కించుకుని మళ్లీ అక్కడే దింపుతారు. బండి నడపడం ఇష్టం లేనివాళ్లకి, పెద్దవాళ్లకి హాయి. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ప్రవేశ టికెట్లు ఇందులోనే కలిశాయా? రెండు గుహలకీ తీసుకెళ్తారా, ఒక్క హామెయోస్‌కేనా? ఒక్కోచోట ఎంతసేపు ఆపుతారు? ఒకే రోజులో దీవి మొత్తం తిప్పుతామనే టూరుకంటే ఉత్తర భాగం మాత్రమే చూపించే టూరు మేలు.

టాక్సీ. ముగ్గురు నలుగురు పంచుకుంటే భారం కాదు. రానూపోనూ, మధ్యలో ఆగే గంటలూ కలిపి ఎంతో ముందే మాట్లాడుకోండి. అటు మాత్రమే మాట్లాడుకుని వెళ్తే తిరిగొచ్చేటప్పుడు అక్కడ టాక్సీ వెంటనే దొరుకుతుందన్న భరోసా లేదు.

సైకిలు. లాంజరోటె సైకిలు తొక్కేవాళ్లకి పేరున్న దీవి. అయితే ఇక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది. గుహలకి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, తిరిగొచ్చేటప్పుడు వాలుగాలి. బలం ఉండగానే కష్టమైన సగం పూర్తవుతుంది కనుక అలవాటున్నవాళ్లకి అనుకూలమే. అలవాటు లేనివాళ్లు సెలవులో మొదలుపెట్టాల్సిన పని కాదు.

పక్క దీవి ఫ్యుయెర్తెవెంతూరాలో బస చేసినవాళ్లు కూడా రావచ్చు. అక్కడి కొర్రలేహో రేవు నుంచి ప్లాయా బ్లాంకాకి ఫెర్రీలు నడుస్తాయి. అయితే రేవు దక్షిణాన, గుహలు ఉత్తరాన. పొద్దున్నే వచ్చే పడవ పట్టుకోవాలి, ఆ రోజు గుహలు తప్ప ఇంకేమీ పెట్టుకోకూడదు.

ఏ దారి ఎంచుకోవాలో తేల్చుకోవడానికి ఒక సూత్రం చెబుతాను. మీ గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారికి ఏది సుఖమో అదే అందరి దారి. మోకాళ్ల నొప్పులున్న అమ్మని బస్సులు మార్పించి తీసుకెళ్తే, గుహ దగ్గరికి చేరేసరికే ఆవిడ ఓపిక అయిపోతుంది. ఆవిడ చూడలేకపోతే మీరూ చూడలేరు.

రోజుని ఇలా నడపండి

నా సూచన ప్రకారం రోజు కొండ మీద మొదలై సముద్రం దగ్గర ముగుస్తుంది. లావా నడిచింది కూడా అలాగే.

ఫలహారం చేసి తొందర లేకుండా బయల్దేరి, పది గంటల ప్రాంతంలో లా కొరోనా పాదం దగ్గరున్న యే అనే చిన్న ఊరికి చేరండి. ఊళ్లోని చర్చి దగ్గర నుంచి ద్రాక్షతోటల మధ్యగా కాలిబాట పైకి వెళ్తుంది. అరగంట, ముప్పావు గంట నడిస్తే అగ్నిబిలం అంచు. అక్కడ కాసేపు కూర్చోండి. ఆ రోజు మీరు చూడబోయే ప్రతిదీ ఆ గోతిలోంచి బయటికి వచ్చినదే. గాలి బలంగా ఉంటే అంచు దగ్గరికి పోవద్దు. కొండ ఎక్కలేనివాళ్లు ఊళ్లో నుంచే కొండని తేరిపార చూడండి, క్రమం తప్పదు.

తర్వాత తీరం వైపు దిగండి. దారిలో నల్లటి లావా మైదానం వస్తుంది. రాళ్ల మీద పాకిన శిలావల్కాలు, నేలనంటుకుని పెరిగిన పాలచెట్ల పొదలు చూస్తూ వెళ్లండి. ఇరవై వేల ఏళ్లు దాటినా ఆ నేల మీద జీవం ఇంకా మొదటి పాఠాల్లోనే ఉంది. ఆ రాళ్ల మీద అడ్డదిడ్డంగా నడవకండి. ఒక్క అడుగుకి నలిగిన శిలావల్కం మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

మధ్యాహ్న భోజనం ఓర్సోలాలోనో అర్రియెతాలోనో చేయండి. రెండూ తీరం మీది చిన్న ఊళ్లు. చేపలు తినేవాళ్లకి లోటు లేదు. శాకాహారులు పాపాస్ అర్రుగాదాస్ అడగండి. చిన్న బంగాళాదుంపల్ని తొక్కతోనే బాగా ఉప్పు వేసి, తొక్క ముడతలు పడేదాకా ఉడికిస్తారు. వాటితో మోహో అనే పచ్చడి ఇస్తారు. ఎర్రది మిరపకాయ, వెల్లుల్లితోనూ, పచ్చది కొత్తిమీరతోనూ చేస్తారు. ఎర్ర మోహో మన నోటికి బాగా నచ్చుతుంది.

రెండున్నర ప్రాంతంలో క్వేవా దె లోస్ వెర్దెస్. గుహల దగ్గర బాగా రద్దీ ఉండేది పొద్దుట సగం గడిచాక మొదలై మధ్యాహ్నం దాకా, టూరు బస్సులన్నీ ఒకేసారి వచ్చే వేళలో. భోజనాలు దాటాక అవి తిరుగుముఖం పడతాయి. వేళతో సహా టికెట్ అధికారిక వెబ్‌సైటులో ముందే కొనుక్కోండి. దీవిలోని ఇలాంటి కేంద్రాలు కొన్నింటిని కలిపి చూసే ఉమ్మడి టికెట్లు కూడా అమ్ముతారు. మీరు నిజంగా ఎన్ని చూస్తారో లెక్క వేసుకున్నాకే అవి కొనండి. టికెట్ ఉంది కదా అని మరో రెండు చోట్లకి పరుగెత్తితే పొదుపు చేసిన డబ్బు కన్నా పోగొట్టుకున్న రోజు విలువ ఎక్కువ.

నాలుగు గంటలకి హామెయోస్ దెల్ ఆగ్వా. ఆ రోజు ఎన్నింటికి మూసేస్తారో ముందే చూసుకుని కనీసం గంటన్నర మిగిలేలా వెళ్లండి. కొలను దగ్గర ఆగినప్పుడు ఒక సంగతి తలచుకోండి. మీ కాళ్ల కింద సొరంగం అక్కడితో ఆగలేదు, సముద్రంలోకి సాగిపోయింది. బయటికి వచ్చాక తీరం వైపు చూస్తే, మీరు పొద్దున అంచు మీద కూర్చున్న కొండ నుంచి బయల్దేరిన లావా ఆ అలల కింద ఎక్కడో ఆగిందని తెలుస్తుంది.

పెద్దవాళ్లు, పిల్లలు

క్వేవా దె లోస్ వెర్దెస్‌లో నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. కొన్నిచోట్ల కప్పు బాగా కిందికి ఉండి నడుము వంచి నడవాలి. మెట్లున్నాయి. చక్రాల కుర్చీ వెళ్లదు. నడుము నొప్పి ఉన్నవాళ్లు, ఇరుకు చోట్లలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. కాస్త భయం ఉన్నా వెళ్దామనుకునేవాళ్లు మొదట్లోనే గైడుకి చెప్పి ఆయన దగ్గరగా నడవండి. హామెయోస్‌లో దారి విశాలంగా ఉంటుంది గానీ రాతిమెట్లు చాలానే ఉన్నాయి. దిగిన మెట్లన్నీ మళ్లీ ఎక్కాలి.

లోపలికి రాలేనివారు గుంపులో ఉంటే, వాళ్లని పార్కింగులో కూర్చోబెట్టి వెళ్లిపోకండి. ఆ గంట వాళ్లు ఎక్కడ గడపాలో కూడా పథకంలో భాగమే. ఓర్సోలా దగ్గర కలెతోన్ బ్లాంకో అనే చోట నల్లరాళ్ల మధ్య తెల్లటి ఇసుక, లోతులేని నీళ్లు ఉన్నాయి. చంటిపిల్లలతో ఒకరు అక్కడ ఆగవచ్చు. అర్రెసీఫె నుంచి వచ్చే దారిలో గ్వాతీసా ఊళ్లో మన్రికే తీర్చిదిద్దిన ముళ్లమొక్కల తోట ఉంది. 1990లో తెరిచారు. ఆ ఊరి చుట్టూ నాగజెముడు పొలాలు కనిపిస్తాయి. ఆ నాగజెముడు మీద పెంచే పురుగుల నుంచి ఎర్ర రంగు తీసే పని అక్కడ తరాలుగా ఉంది. మన పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకోవడానికి అది మంచి చోటు.

పిల్లల్ని ఉత్సాహపరచడానికి ఒక నిజం చాలు. చంద్రుడి మీదా అంగారకుడి మీదా కూడా లావా సొరంగాలు ఉన్నాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. రేపు మనుషులు అక్కడ తలదాచుకోవడానికి అవి పనికిరావచ్చు. అందుకే ఐరోపా అంతరిక్ష సంస్థ తన వ్యోమగాములకి లాంజరోటెలో భూగర్భశాస్త్ర శిక్షణ ఇస్తోంది. 2017లో ఈ లా కొరోనా సొరంగాన్నే పరికరాలతో కొలిచి త్రిమితీయ పటం తయారుచేశారు. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు గుహలో విసుగు పడడు, ప్రశ్నలు అడుగుతాడు.

లోపల నడవడిక

రాజమండ్రి వంతెన మీద రైలు వెళ్తుంటే గోదావరిలో నాణెం వేసి దండం పెట్టుకోవడం మనకి తరాల అలవాటు. హామెయోస్ కొలనులో మాత్రం ఆ పని చేయకండి, పిల్లల్ని చేయనివ్వకండి. నాణేల లోహం ఉప్పునీటిలో తుప్పు పట్టి నీటిని విషం చేస్తుంది. ఆ తెల్లటి జీవులు చచ్చిపోతాయి. ఇంకెక్కడా లేని ప్రాణి అది. దండం పెట్టుకోవాలనిపిస్తే చేతులు జోడించండి, చాలు.

అవి చప్పుడుకీ వెలుతురుకీ చెదిరే ప్రాణులు. ఫ్లాష్ వాడకండి, గొంతు తగ్గించండి. తెల్లటి అంచుల జలాశయం చూడటానికే, అందులో ఈతకి అనుమతి లేదు. గోడల్ని తాకకండి, రాయి ముక్క కూడా తీసుకురాకండి.

క్వేవా దె లోస్ వెర్దెస్ లోపల ఒకచోట గైడు మీకు ఒక రహస్యం చూపిస్తారు. బయటివాళ్లకి చెప్పవద్దని అడుగుతారు. అదేమిటో నేను ఇక్కడ రాయను. మీరూ వెళ్లే ముందు ఇంటర్నెట్‌లో వెతకకండి. చూసొచ్చాక వెళ్లబోయేవాళ్లకి చెప్పకండి. ఏళ్లుగా కోట్లాది ఫొటోల కాలంలోనూ ఆ చిన్న మాటని నిలబెట్టుకుంటూ వస్తున్న యాత్రికుల వరసలో మీరూ ఒకరవుతారు. ఇతరుల ఆనందాన్ని కాపాడటం కూడా వ్యక్తిత్వంలో భాగమే.

అనుకున్నట్టు జరగకపోతే

టికెట్లు అయిపోయి ఉండవచ్చు, గాలి ఎక్కువై కొండ ఎక్కలేకపోవచ్చు, బిడ్డకి జ్వరం రావచ్చు. అలాంటప్పుడు క్రమంలో ఏ మెట్టు వదిలేయాలో ముందే అనుకుని ఉంటే కుటుంబంలో గొడవ రాదు. నా లెక్కలో మొదట వదలగలిగింది కొండ, చివరిదాకా వదలకూడనిది క్వేవా దె లోస్ వెర్దెస్. మీ లెక్క వేరుగా ఉండవచ్చు. పెద్దవాళ్లతో వెళ్లే ఇంట్లో హామెయోస్‌కే మొదటి స్థానం ఇవ్వవచ్చు. లెక్క ఏదైనా ముందురోజే తేల్చుకోండి, ఎండలో నిలబడి తేల్చుకోవద్దు.

వీసా సంగతి ఇంకా ముందు చూసుకోవాలి. ఇంగ్లండులోనో ఐర్లండులోనో నివాస అనుమతి ఉన్నా, ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి స్పెయిన్ దీవికి షెంజెన్ వీసా కావాలి. విమానం టికెట్ చవగ్గా దొరికిందని కొనేశాక వీసా గుర్తురాకూడదు.

ఆచరణలో పెట్టండి

బయల్దేరే ముందు ఈ పనులు ఒక్కొక్కటే పూర్తిచేయండి.

1. ఒక కాగితం మీద కొండ, సొరంగం, గోతులు, సముద్రం వరసగా గీయండి. ఇంట్లో చిన్నవాడి చేత గీయిస్తే ఇంకా మంచిది.

2. గుంపులో అందరికంటే నెమ్మదిగా నడిచేవారెవరో చూసి, వాళ్లని అడిగి వాహనం ఖాయం చేయండి.

3. రెండు గుహల తెరిచే వేళలు, మూసే వేళలు అధికారిక వెబ్‌సైటులో చూసి టికెట్లు కొనండి. ఆ వేళకి ఇరవై నిమిషాల ముందు అక్కడుండేలా బయల్దేరండి.

4. గట్టి అట్టలున్న బూట్లు, పల్చటి స్వెట్టరు, టోపీ, నీళ్లు సర్దండి. నున్నటి చెప్పులు గదిలో వదిలేయండి.

5. ఆ రోజు చూడకూడదని నిర్ణయించుకున్న చోట్ల జాబితా రాయండి. మిరడోర్ దెల్ రీయో కొండకొన, అరియా ఊరు, తిమన్‌ఫాయా అగ్నిపర్వతాలు అన్నీ అందులో ఉండవచ్చు. అవి గొప్ప చోట్లే. వాటికి వేరే రోజు ఇవ్వండి.

6. తిరిగొచ్చిన రాత్రి ఒక్కొక్కరూ ఆ రోజు నేర్చుకున్న ఒక సంగతి చెప్పండి. చూసినది కాదు, నేర్చుకున్నది.

ఈ పద్ధతి లాంజరోటెకి మాత్రమే కాదు. హంపికి వెళ్లినా, నాగార్జునకొండకి వెళ్లినా, మీ ఊరి చెరువు కట్ట మీద నడిచినా, అది ఎలా పుట్టిందో ముందు అడగండి, ఆ క్రమంలో నడవండి, మిగిలినవి వదిలేయండి. సెలవు ఎన్ని రోజులన్నది మన చేతిలో లేకపోవచ్చు. ఉన్న రోజుని ఎంత శ్రద్ధగా చూస్తామన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.